రెండవ కంటి బొమ్మ ఎవరి ఆస్తి?

ఫైలు ఫార్మాట్ల చరిత్రకు మన పత్రికలో చోటేమిటని కొందరు మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. లిపిని గురించీ, అచ్చుయంత్రాన్ని గురించీ, గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని గురించీ మనం ఎన్నో వ్యాసాలు చదివాం. ఆ వివాదాలన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒక్కటే: వ్రాసినదాన్ని చదివే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? ఆ ప్రశ్న ఇప్పుడు అక్షరాన్ని దాటి బొమ్మ దగ్గరికి వచ్చింది. బొమ్మల్లో ఒక చిన్న తెగను, అంటే రెండు కళ్ళకూ వేరువేరుగా తీసి, చూసేటప్పుడు ఒకటిగా కలుపుకునే జంట బొమ్మలను, నేను ఇక్కడ తీసుకుంటున్నాను. పెద్ద వ్యాపారాల్లో యాజమాన్యం నూరు ముసుగులు వేసుకుంటుంది. ఇది చిన్న వ్యాపారం గనుక ఆ ముసుగులు కొంచెం పలచగా ఉన్నాయి.

ఈ విషయంలో నాకు సొంత బాధ ఒకటి ఉన్నది. దాన్ని దాచి శాస్త్రం చెప్పడం కంటె ముందే చెప్పడం మేలు.

మా నాన్న చీరాలలో గుంట మగ్గం నేసేవాడు. నేను డిగ్రీ కాలేజీలో భూగోళం చెప్పి రిటైరయ్యాను. 2011లో మా సహోద్యోగి కుమారుడొకడు విదేశం నుంచి వస్తూ రెండు కటకాలున్న డిజిటల్ కెమేరా తెచ్చాడు. దాన్ని వారం రోజులకు అడిగి పుచ్చుకుని, నాన్న మగ్గం మీద ఉండగా 212 బొమ్మలు తీశాను. మగ్గాన్ని మామూలు ఫొటోలో చూస్తే పడుగు దారాలన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డ గీతల్లాగా ఉంటాయి. కాలితో తొక్కగానే పడుగు రెండు పొరలుగా విడిపోతుంది. ఆ రెండు పొరల సందులోనుంచి నాడె దూసుకుపోతుంది. నేతలోని కిటుకంతా ఆ సందులో ఉన్నది. ఆ సందు ఒంటికంటి బొమ్మకు అందదు. జంట బొమ్మలో, వేలు పెడితే దూరుతుందేమో ననిపించేటట్టు కనబడుతుంది.

నాన్న 2014లో పోయాడు. మరుసటి ఏడు ఆ బొమ్మలను అచ్చు వేయిద్దామని ఒక దుకాణంలో ఇచ్చాను. అక్కడి కుర్రవాడు పనిమంతుడే. చీకటిగా ఉన్నవాటికి కాస్త వెలుగు పెంచి, అదే పేరుతో భద్రపరచి, తిరిగి ఇచ్చాడు. ఇంటికి వచ్చి చూస్తే ఫైళ్ళు సగానికి పైగా తగ్గిపోయి ఉన్నాయి. ఎడమకంటి బొమ్మ ఉన్నది. కుడికంటి బొమ్మ లేదు. 171 బొమ్మలకు ఇదే గతి పట్టింది. నేను కొన్న మెమొరీ కార్డులు రెండింటిలో ఒకదాన్ని తుడవకుండా ఉంచాను గనుక 41 బొమ్మలు మిగిలాయి. కుర్రవాణ్ణి కోప్పడదామంటే వాడు చేసిన తప్పేమీ కనిపించలేదు. యంత్రం వాణ్ణి ఒక్క మాటైనా అడగలేదు, హెచ్చరించలేదు. మరి తప్పు ఎక్కడున్నదని వెతుక్కుంటూ నేను 1838 దాకా వెనక్కి పోవలసి వచ్చింది.

ఆ ఏట చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లండను రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. మన రెండు కళ్ళూ ఒకే వస్తువును కొద్దిపాటి తేడాతో చూస్తాయి. ఆ తేడాను మెదడు లోతుగా మార్చుకుంటుంది. కనుక రెండు చదును బొమ్మలను చెరొక కంటికీ చూపితే లోతును పుట్టించవచ్చును. ఇదీ ఆయన చూపినది. అప్పటికి ఫొటోగ్రఫీ ఇంకా లోకానికి వెల్లడి కాలేదు. ఆయన గీతల బొమ్మలతోనే, రెండు అద్దాల యంత్రంతో నిరూపించాడు. 1849లో డేవిడ్ బ్రూస్టరు అద్దాలకు బదులు కటకాలు పెట్టి చేతిలో పట్టే పెట్టెగా దాన్ని కుదించాడు. పారిస్‌లో డ్యుబోస్క్ అనే పనివాడు దాన్ని తయారుచేశాడు. 1851 లండను ప్రదర్శనలో విక్టోరియా రాణి ముచ్చటపడింది. రాణి ముచ్చటపడ్డాక మధ్యతరగతి ఇళ్ళన్నిటికీ అది అవసరమైపోయింది.

అసలు మలుపు ఆ తరువాతది. 1859లో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే బోస్టను వైద్యుడు అట్లాంటిక్ మంత్లీ పత్రికలో జంట బొమ్మల మీద పెద్ద వ్యాసం వ్రాశాడు. హార్వర్డులో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే ఆచార్యుడు, కులీనుడు. ఏ లెక్కన చూసినా మనవాడు కాడు. అయినా ఆ వ్యాసంలో ఆయన కోరినవి చూడండి. గ్రంథాలయాల వలెనే జంట బొమ్మల ఆలయాలు వెలవాలన్నాడు. ఒక ఊరి బొమ్మలు మరొక ఊరికి, ద్రవ్యం చెలామణీ అయినట్లు మారకం కావాలన్నాడు. అలా మారకం కావాలంటే, ఏ కెమేరాతో తీసినా బొమ్మలు ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలుగా కటకాల నాభ్యంతరానికి అందరూ ఒప్పుకునే ఒక కొలత ఉండాలన్నాడు. నేటి భాషలో చెబితే ఆయన అడిగినది ఒక ప్రమాణం, ఒక బహిరంగ ఫార్మాటు. 1861లో ఆయనే ఒక తేలిక యంత్రం రూపొందించాడు. ఒక కర్రపిడి, రెండు కటకాలు, కార్డును ముందుకూ వెనక్కూ జరపడానికి ఒక అడ్డకర్ర. దానికి పేటెంటు తీసుకోలేదు. బేట్స్ అనే బోస్టను వర్తకుడు దాన్ని చేసి అమ్మాడు. చూసినవాళ్ళు చూసినట్లు చేసుకున్నారు. ఏడంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు గల కార్డు దానితోపాటు నిలబడిపోయింది. ఆనాటి కార్డును ఈనాడు మీ ఊరి వడ్రంగి చేసిన యంత్రంలో పెట్టి చూడవచ్చును. ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టడం సులభం. కాని ఫార్మాటు అందరిదీ అయినంత మాత్రాన బొమ్మలు అందరివీ అయిపోలేదు. హోమ్స్ కోరిన మారకాన్ని నడిపినవి గ్రంథాలయాలు కావు, కంపెనీలు. అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ కంపెనీ 1901 నాటికి రోజుకు 25,000 కార్డులు తీసేది. 1892లో పెన్సిల్వేనియాలో పుట్టిన కీస్టోన్ వ్యూ కంపెనీ పోటీదార్ల నెగిటివులను కొనేస్తూ పోయి, 1920ల నాటికి ఆ రంగంలో దాదాపు ఒంటరిగా మిగిలింది. బడులకు పెట్టెల లెక్కన అమ్మింది. కార్డు ఎవరైనా చేయవచ్చును. కాని ప్రపంచమంతా మనుషులను పంపి ఫొటోలు తీయించే పెట్టుబడి ఎవరికి ఉన్నది? అండర్‌వుడ్ వారు జేమ్స్ రికాల్టన్ అనే ఫొటోగ్రాఫరు తీసిన నూరు బొమ్మలతో 1907లో ఇండియాను ఒక పెట్టెలో పెట్టి అమ్మారు. దానితో ఒక పుస్తకం, పటాలు. ఏ బొమ్మ ఎక్కడ నిలబడి ఎటు చూస్తూ తీసినదో పటంలో గీతలు గీసి చూపే పద్ధతికి మాత్రం వారు పేటెంటు పుచ్చుకున్నారు! కార్డును పట్టుకోలేక దాని పక్కన ఉన్న పటాన్ని పట్టుకున్నారన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి; నూరేళ్ళ తరువాత ఇదే ఎత్తు మళ్ళీ కనబడుతుంది.

మన గడ్డ మీద జంట బొమ్మలు అంతకు ముందే తీశారు. 1858లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు లిన్నేయస్ ట్రైప్ తిరుచినాపల్లి, తంజావూరు, మదుర బొమ్మల సంపుటాలు వెలువరించాడు. ఆయన సైన్యాధికారి. 1857 తిరుగుబాటు వెంటనే, ఏలేవారు తమ ఆస్తిని లోతుతో సహా చూసుకున్నారు. ఫార్మాటులో దాపరికమేమీ లేదు. చూసే కన్ను మాత్రం వేరు.

ఇరవయ్యవ శతాబ్దంలో యాజమాన్యపు ఫార్మాటు సూటిగా రంగంలోకి వచ్చింది. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శన నాటికి వ్యూమాస్టరు బజారులోకి వచ్చింది. విలియం గ్రూబరు ఆలోచన, సాయర్స్ అనే పోర్ట్‌లండు కంపెనీ పెట్టుబడి. అట్ట చక్రంలో 14 చిన్న ఫిలిం ముక్కలు, అంటే ఏడు జంటలు. చక్రం వారిదే, యంత్రం వారిదే. ట్రూవ్యూ అనే పోటీ కంపెనీ చేతిలో డిస్నీ బొమ్మల హక్కులుంటే, 1951లో ఆ కంపెనీనే కొనేశారు. ఇది గుత్తాధిపత్యపు పాఠ్యపుస్తకంలోని మొదటి పాఠం. దీనికి ఎదురుగా, 1947లో మిల్వాకీ నుంచి వచ్చిన స్టీరియో రియలిస్టు కెమేరా మామూలు 35 మిల్లీమీటర్ల ఫిలిం మీద, అయిదు రంధ్రాల వెడల్పున ఒక్కొక్క బొమ్మ తీసింది. ఆ కొలతను ఇతరులు కూడా తీసుకున్నారు. 1954లో కొడాక్ వంటి పెద్ద కంపెనీ సైతం అదే కొలతకు కెమేరా చేసింది.

అయితే ఒక చిక్కు సంగతి చెప్పకపోతే నేను పక్షపాతం చేసినవాణ్ణవుతాను. యాజమాన్యపు ఫార్మాటైన వ్యూమాస్టరు చచ్చిపోలేదు. 1939 నాటి చక్రాన్ని ఎంతో తరువాత చేసిన యంత్రంలో పెట్టినా బొమ్మ కనబడుతుంది. యంత్రమే లేకపోయినా, చక్రాన్ని వెలుగుకెత్తి భూతద్దంతో చూస్తే బొమ్మ అక్కడే ఉన్నది. మరి యాజమాన్యం వల్ల వచ్చిన నష్టమేమిటని మిత్రులు అడగవచ్చు.

నా సమాధానం ఇది. కాగితం, ఫిలిం ఉన్న రోజుల్లో కంపెనీకి స్వంతమైనది బొమ్మ ఉన్న వస్తువు. వస్తువు నీ చేతికి వచ్చాక, చదివేది నీ కన్ను. కంటికి పేటెంటు లేదు. డిజిటల్ బొమ్మలో అలా కాదు. ఫైలు అనేది అంకెల వరస. దాన్ని ఎంత వెలుగుకెత్తినా ఏమీ కనబడదు. అంకెలను బొమ్మగా మార్చే మధ్యవర్తి ఒకడు కావాలి. ఆ మధ్యవర్తి నియమాలు తెలియకపోతే నీ బొమ్మ నీ ఇంట్లోనే ఉండి నీకు కనబడదు. యాజమాన్యం వస్తువును వదిలి చదవడంలోకి జరిగింది. భూస్వామి భూమి అమ్మేసి కాలువ తూము దగ్గర కూర్చున్నట్లు.

ఇక డిజిటల్ కథ. 1992లో జేపెగ్ ప్రమాణం వచ్చింది. అది ఒంటి బొమ్మల ప్రమాణం. జంట బొమ్మలకు 1997లో వీరెక్స్ అనే అమెరికా కంపెనీ ఇంజనీర్లు ఒక వివరణ పత్రం ప్రకటించారు. దాన్నే జె.పి.ఎస్. అన్నారు. అందులో మాయలేదు. రెండు బొమ్మలనూ ఒకే చదరంలో పక్కపక్కన పెట్టి మామూలు జేపెగ్‌గా భద్రపరచడం. ఏది ఏ కంటిదో చెప్పే చిన్న చీటీని, జేపెగ్ నియమాలు బయటివారికోసం వదిలిన ఖాళీ గదుల్లో ఒకదాన్లో పెట్టడం. చీటీ చదవలేని కార్యక్రమం దాన్ని దాటిపోతుంది, కాని బొమ్మలు రెండూ చూపుతుంది. ఫైలు పేరు చివర మూడక్షరాలు మారిస్తే ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. కుడికంటి బొమ్మను ఎడమ పక్కన పెట్టడం వారి ఆచారం. కళ్ళను ముక్కువైపు తిప్పి చూసేవారికి అది అనుకూలం. పద్ధతి మొరటుదే. కాని ఆ దుకాణం కుర్రవాడు దీనిమీద ఎంత వెలుగు పెంచినా నా కుడికంటి బొమ్మ పోయేది కాదు.

చీటీ పోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. కుడి ఎడమలు తారుమారైతే లోతు తిరగబడుతుంది. కొండ గుంట అవుతుంది, ముక్కు లోపలికి పోతుంది. 1852లో వీట్‌స్టనే ఇందుకోసం ఒక యంత్రం చేసి వినోదించాడు. కనుక జంట బొమ్మకు బొమ్మలు కాక తప్పనిసరిగా కావలసిన సమాచారం ఒకే ఒక్క అవునూ కాదూ. దీనికి ఇంత రాజకీయమా అనిపిస్తుంది.

ఆ ఒక్క అవునూ కాదూను ఎంత ముచ్చటగా చేశారో పి.ఎన్.జి. వారి దగ్గర చూడాలి. పి.ఎన్.జి. పుట్టుకే ఒక తిరుగుబాటు. అంతకు ముందు అందరూ వాడుతున్న జిఫ్ ఫార్మాటులో అంకెలను కుదించే పద్ధతికి యూనిసిస్ కంపెనీకి పేటెంటున్నది. జనం ఏళ్ళ తరబడి వాడి అలవాటు పడ్డాక, 1994 డిసెంబరులో, జిఫ్ చదివే కార్యక్రమాలు అమ్మేవారు రుసుము కట్టాలని ప్రకటన వచ్చింది. వారం తిరిగేసరికి థామస్ బౌటెల్ మొదలైన ఔత్సాహికులు వేరు ఫార్మాటు గీయడం మొదలుపెట్టారు. జీతం లేదు, కంపెనీ లేదు. 1996లో అది అంతర్జాల ప్రమాణాల సంఘం ఆమోదం పొందింది. 2006లో దానికి జంట బొమ్మల సూచిక ఒకటి చేర్చారు. ఆ సూచికలో ఉన్నది ఒకే ఒక్క బైటు: సున్నా అయితే బొమ్మలు అడ్డచూపుకు అమర్చినవి, ఒకటైతే సూటిచూపుకు. అంతే. నేను చదివిన సాంకేతిక నియమాలన్నిటిలో ఇంత పొదుపైనది లేదు. దాన్ని పట్టించుకునే కార్యక్రమాలు మాత్రం చాలా కొద్ది. బహిరంగమైనది, నిర్దుష్టమైనది, దాదాపు అనాథ.

నా బొమ్మలను మింగిన ఫార్మాటు దగ్గరికి ఇప్పుడు వద్దాం. జపాను కెమేరా తయారీదార్ల సంఘం 2009 ఫిబ్రవరిలో బహుచిత్ర ఫార్మాటు అనే ప్రమాణం ప్రకటించింది. ఎం.పి.ఓ. అని వ్యవహారం. అదే ఏడాది ఫ్యూజీఫిల్మ్ జంట కటకాల డిజిటల్ కెమేరా తెచ్చింది. 2011లో నింటెండో చేతి ఆటయంత్రం కూడా ఇదే ఫార్మాటులో బొమ్మలు తీసింది. ప్రమాణ పత్రాన్ని ఎవరైనా ఉచితంగా చదవవచ్చును. ఇందులో పూర్తి జేపెగ్ బొమ్మ ఒకటి, దాని వెనక పూర్తి జేపెగ్ బొమ్మ మరొకటి గొలుసుగా ఉంటాయి. మొదటి బొమ్మలో ఒక విషయసూచిక: వెనక ఇంకొకటి ఉన్నది, ఇంత దూరాన మొదలవుతుంది, రెండు కటకాల మధ్య ఎడం ఇంత, అవి కలిసే కోణం ఇంత. శాస్త్రీయంగా జె.పి.ఎస్. కంటె ఎంతో మేలైనది. రెండు బొమ్మల పూర్తి నాణ్యతా నిలుస్తుంది.

కాని ఒక మర్యాద దాన్ని దెబ్బతీసింది. పాత కార్యక్రమాలు ఇబ్బంది పడకూడదని, అవి మొదటి బొమ్మను మాత్రం చూసి తృప్తిపడేటట్టు అమర్చారు. పాత కార్యక్రమం మొదటి బొమ్మ తెరుస్తుంది, అక్కడితో ఫైలు అయిపోయిందనుకుంటుంది, తిరిగి భద్రపరచేటప్పుడు తనకు తెలిసినంతే వ్రాస్తుంది. రెండవ కన్ను చప్పుడు లేకుండా పోతుంది. అంటే నాకు నష్టం చేసినది తాళం వేసిన ఫార్మాటు కాదు. తలుపు తీసే ఉన్నది. ఆ గదిలో రెండవ మనిషి ఉన్నాడని ఎవరూ నేర్చుకోలేదు, అంతే. ఎందుకు నేర్చుకోలేదు? 2010లో అమ్మకానికి దిగిన త్రిమితీయ టెలివిజన్లను 2017 నాటికి చివరి తయారీదార్లు కూడా మానుకున్నారు. జంట కటకాల కెమేరాలు అంతకు ముందే పోయాయి. లాభం లేని చోట కంపెనీ నిలవదు. అది దాని స్వభావం, దాన్ని తిట్టి ప్రయోజనం లేదు. ప్రమాణం వ్రాసినది కంపెనీల సంఘం. వారు వెళ్ళిపోయాక దాన్ని పోషించే ప్రజాసంస్థ ఏదీ లేకపోయింది. జపానుకు చెందిన మసుజి సుతో అనే ఆయన తయారుచేసి ఉచితంగా పంచిన స్టీరియో ఫొటో మేకరు అనే కార్యక్రమం మీదనే ప్రపంచంలోని ఔత్సాహికులు ఎంతోమంది ఆధారపడ్డారు. ఒక వ్యక్తి దయ మీద ఒక ప్రమాణం బ్రతకడం అతనికి గౌరవం, మనకు సిగ్గు.

(తమాషా ఏమంటే, రెండవ కంటి కోసం కట్టిన ఆ వెనక గదిని 2023లో గూగుల్ తన అల్ట్రా హెచ్.డి.ఆర్. బొమ్మలకు వాడుకున్నది. అక్కడ ఇప్పుడు కన్ను లేదు. తెర మీద వెలుగును ఇంకా పెంచే లెక్క ఉన్నది.)

నేను భూగోళం మాస్టరును గనుక ఇంకొక జంట బొమ్మల సంగతి విడిచిపెట్టలేను. విమానం మీద నుంచి తీసిన ఫొటోలను రెండేసి పక్కపక్కన పెట్టి, నాలుగు కాళ్ళ చిన్న స్టీరియోస్కోపు పెట్టి విద్యార్థులకు కొండలు లేచినట్లు చూపడం మా ప్రాక్టికల్ క్లాసుల్లో పండుగ. ఉపగ్రహాలు వచ్చాక ఆ బొమ్మలు కూడా అంకెలైనాయి. 1999లో అమెరికాలో ఒక ప్రైవేటు కంపెనీ ఐకొనోస్ అనే ఉపగ్రహాన్ని ఎగరవేసింది. మీటరు సైజు వస్తువును చూడగల మొదటి వ్యాపార ఉపగ్రహం. జంట బొమ్మనుంచి ఎత్తులు లెక్కకట్టాలంటే కెమేరా లోపలి నిర్మాణం, అది ఆకాశంలో ఎక్కడ ఎలా వంగి చూసినదో తెలియాలి. కంపెనీ దాన్ని బయటపెట్టలేదు. దానికి బదులు, నేలమీది చోటుకూ బొమ్మలోని చుక్కకూ ముడిపెట్టే బహుపదుల గుణకాలు ఎనభై ఇచ్చింది. లెక్క కుదురుతుంది, కెమేరా రహస్యం దక్కుతుంది. అండర్‌వుడ్ వారి పటం మీది పేటెంటు జ్ఞాపకం వచ్చిందా?

అయితే చరిత్రకు ఎప్పుడూ ఒక వంకర నవ్వు ఉంటుంది. ఆ గుణకాలు ఏ కెమేరాకైనా ఒకే రూపంలో ఉంటాయి గనుక, రహస్యం దాచడానికి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కాలక్రమాన అందరి ప్రమాణమై కూర్చున్నది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన కార్టోశాట్ 1 ఉపగ్రహం ముందుకు 26 డిగ్రీలు, వెనక్కు 5 డిగ్రీలు వంగిన రెండు కెమేరాలతో, ఒకే దారిన పోతూ ఒక జంట బొమ్మ తీసేది. రెండున్నర మీటర్ల వివరం. హైదరాబాదులోని దూరసంవేదన సంస్థ ఆ బొమ్మలను జియోటిఫ్ అనే బహిరంగ ఫార్మాటులో, పక్కన అవే గుణకాలు పెట్టి ఇచ్చింది. ఫలితంగా ఏ దేశపు కార్యక్రమమైనా మన బొమ్మను చదవగలిగింది. ఆ జంటలనుంచి తీసిన ఎత్తుల పటాన్ని ముప్ఫై మీటర్ల వివరంతో భువన్ ద్వారా ఉచితంగా పంచారు. మా విద్యార్థులు దాన్ని దింపుకుని కృష్ణ ఒడ్డున వరదనీరు ఎంతదాకా ఎక్కుతుందో గీసి చూపారు. అసలు జంట బొమ్మలు మాత్రం డబ్బిచ్చి కొనవలసినవే. ప్రజల సొమ్ముతో ఎగిరిన కన్ను గదా అని నేను తరగతిలో అంటూ ఉండేవాణ్ణి. ఫార్మాటు బహిరంగం కావడం ఒకటి, బొమ్మ బహిరంగం కావడం మరొకటి అని విద్యార్థులకు బోధపరచడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పటి పరిస్థితి మరీ చిత్రమైనది. తాళమూ లేదు, తలుపూ తీసిలేదు. 2023 చివరలో ఆపిల్ ఫోన్లు జంట వీడియోలు, 2024 నుంచి జంట ఫొటోలు తీయడం మొదలుపెట్టాయి. ఫొటో ఉండే పెట్టె హీఫ్ అనే అంతర్జాతీయ ప్రమాణం. ఎడమ కుడి బొమ్మలను జతగా గుర్తించే పద్ధతిని కంపెనీ ప్రకటించింది కూడా. ఇంకేం కావాలి? కాని పెట్టెలోపల బొమ్మను కుదించేది 2013 నాటి హెచ్.ఇ.వి.సి. పద్ధతి. దాని ప్రమాణపత్రాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఉచితంగా ఇస్తుంది. అదే మూలాన్ని ప్రమాణాల సంస్థ మరొక సంఖ్య వేసి వెలకు అమ్ముతుంది. చదవడం ఉచితమే. చదివినదాన్ని యంత్రంలో అమలు చేసి అమ్మితే పేటెంటుదార్లు వస్తారు. వారు ఒక్కరూ కారు. కొన్నేళ్ళలో మూడు వేర్వేరు బృందాలుగా ఏర్పడి వేర్వేరుగా రుసుము అడిగారు. ఒక వంతెనకు ముగ్గురు సుంకరులు!

ఈ సుంకాలు భరించలేక లేచినది శ్రామికవర్గం కాదు. గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్, నెట్‌ఫ్లిక్స్ వంటివారు 2015లో కూటమి కట్టి, రుసుము లేని వేరు పద్ధతి తయారుచేశారు. 2019లో దానిమీద అవిఫ్ అనే బొమ్మల ఫార్మాటు వచ్చింది. అది మంచిదే, నేను వాడుతున్నాను. కాని సుంకం కట్టవలసిన పెద్ద షావుకార్లు సుంకం వసూలు చేసే షావుకార్లతో తగవు పడితే, ఆ తగవులో మనకు దారి దొరికిందని మరచిపోరాదు. మరుసటి ఏడే మరొక సంస్థ ఆ పద్ధతిలోనూ తమవారి పేటెంట్లున్నాయంటూ రుసుముల జాబితా తెరిచింది.

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. కూడూ గుడ్డా చాలని జనానికి జంట బొమ్మల ఫార్మాటు సమస్యా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆయనకు గుడ్డ మాట నేనే గుర్తు చేశాను. నేత పని తెలిసిన చేతులు మా వాడలో ఏటేటా తగ్గిపోతున్నాయి. ఆ చేతుల కదలికను లోతుతో సహా పట్టుకోగల సాధనం వచ్చింది. దాన్ని పట్టుకున్న ఫైలు ఇరవై ఏళ్ళకు కూడా తెరుచుకుంటుందా అన్నది నేతగాడి సమస్యే. న్యూయార్కు ప్రజా గ్రంథాలయం 2012లో తన దగ్గరున్న 40,000కు పైగా పాత జంట కార్డులను ప్రజలు తమంతట తాము కదిలే బొమ్మలుగా మార్చుకునే ఏర్పాటు చేయగలిగింది. కార్డు కొలత నూటయాభై ఏళ్ళుగా అందరికీ తెలిసినదై ఉండబట్టి అది సాధ్యమైంది. 2011లో చీరాలలో తీసిన బొమ్మలకు నేను అంత భరోసా ఇవ్వలేకపోయాను.

మిగిలిన 41 బొమ్మల సంగతి చెప్పి ముగిస్తాను. మా పాత విద్యార్థి ఒకడు జపాను వారి ప్రమాణపత్రం దింపుకుని చదివి, ఇరవై పంక్తుల కార్యక్రమం వ్రాశాడు. అది ప్రతి ఫైలునూ రెండవ బొమ్మ మొదలయ్యే చోట కోసి, రెండు మామూలు జేపెగ్‌లుగా విడదీస్తుంది. పత్రం రహస్యమై ఉంటే వాడు చేయగలిగేవాడు కాడు. ఆ మేరకు బహిరంగ ప్రమాణానికి నేను ఋణపడి ఉన్నాను. ఫైళ్ళ పేర్లలో ఎడమ, కుడి అని వ్రాశాను. కటకాల ఎడం ఎంతో ఒక సాదా చీటీలో టైపు చేసి పక్కన పెట్టాను. ఆ తరువాత ఆ జంటలను ఏడంగుళాల అట్టల మీద అచ్చు వేయించి, మా వీధి వడ్రంగి చేత హోమ్స్ పద్ధతిలో ఒక యంత్రం చేయించాను. కటకాలు రెండూ చదువుకునే కళ్ళజోళ్ళ దుకాణంలో కొన్నవి.

మొదట దాన్ని నాన్నతో కలిసి నేసిన ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన చాలాసేపు పిడి పట్టుకుని, అడ్డకర్రను ముందుకూ వెనక్కూ జరుపుతూ చూశాడు. నాన్న ముఖాన్ని గురించి ఏదో అంటాడని కాచుకుని కూర్చున్నాను.

"ఒరే అబ్బాయ్, కింది పొరలో ఒక పోగు తెగి వేలాడుతున్నది చూశావా? మీ నాన్న చూసుకున్నట్టు లేదే" అన్నాడు.